ఈ వారం నర్సులు పద్దెనిమిది

ఆయన పోయాడన్న కబురు నాకు ఫోన్‌లో తెలిసింది. ఒకప్పుడు దోహాలో కలిసి ప్రార్థన చేసుకున్న కుటుంబాలకి ఇప్పుడొక వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున వార్డుకి బయల్దేరే ముందు చూస్తే అందులో నూట పన్నెండు మెసేజ్‌లు. లెక్కపెట్టడం నాకు పాత జబ్బు. చెప్పులు వేసుకున్నదాన్నల్లా మళ్ళీ కూర్చుని లెక్కపెట్టాను. "మా పిల్లల భవిష్యత్తుకు బాట వేసిన మహనీయుడు" అన్న ఒకే మెసేజ్‌ని ఒకరి దగ్గర్నుంచి ఒకరు తీసుకుని నలభై ఆరు మంది పెట్టారు. చేతులు జోడించిన బొమ్మలు యాభై. సొంతంగా రాసినవాళ్ళు పదహారు మంది. వాళ్ళలో పదకొండు మంది ఎవరు పోయారని అడుగుతున్నారు. మిగిలిన అయిదుగురు ఆయన చుట్టాలు.

నేనేమీ పెట్టలేదు. మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసి, "ఏదో ఒకటి పెట్టవే, బాగోదు" అంది. ఏదో ఒకటి పెట్టడం చేతకాక ఇది రాస్తున్నాను. పేరు రాయను. పేరు రాస్తే అలాంటివాడు లోకంలో ఆయన ఒక్కడే ఉన్నాడనుకునే ప్రమాదం ఉంది.

పిల్లలం ఆయన్ని చాటుగా పేపరంకుల్ అనేవాళ్ళం. తొంభైల మధ్యలో మాట. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు ఓ ఇరవై దాకా ఒక అద్దె విల్లాలో శుక్రవారం శుక్రవారం చేరేవాళ్ళం. అక్కడ శుక్రవారమే మాకు ఆదివారం. వాకిట్లో చెప్పుల గుట్ట, హాల్లో తివాచీ, వంటింట్లోంచి బిర్యానీ వాసన, చివరి ప్రార్థన ఎప్పుడవుతుందా అని ఒక కన్ను తెరిచి చూసుకునే పిల్లలు. బయట నిలబడితే కళ్ళద్దాలు చెమర్చే ఉక్కలో ఆయన ఒక్కడే టై కట్టుకుని వచ్చేవాడు. మెరూన్ రంగు టై. దాని చివరతోనే కళ్ళద్దాలు తుడుచుకునేవాడు కాబట్టి ఆ చివర ఎప్పుడూ నలిగి ఉండేది.

ఏం పనిచేస్తారని ఎవరైనా అడిగితే "అడ్మినిస్ట్రేషన్" అనేవాడు. నిజానికి ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైమ్‌కీపర్. తెల్లారగట్ల సైటు గేటు దగ్గర నిలబడి కూలీల్లో ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని టిక్కులు పెట్టడం ఆయన పని. అందులో తక్కువతనం ఏమీ లేదు. మా నాన్న స్టోర్ కీపర్, నట్లూ బోల్టులూ లెక్కపెట్టేవాడు. కాకపోతే మా నాన్న శుక్రవారం వచ్చి మనుషుల పిల్లల్ని నట్లలాగా డబ్బాల్లో వెయ్యలేదు. ఆయన అదే చేసేవాడు.

ఆయనకి కారు లేదు. ఊళ్ళోనే నజ్మా అనే పేటలో ఒక గది. అక్కడి నుంచి విల్లాకి రావడానికీ, తిరిగి పోవడానికీ ఎవరో ఒకరు ఎక్కించుకోవాలి. ఎక్కువసార్లు ఆ భాగ్యం మాదే. మా పాత తెల్లకారు ఆగగానే ముందు తలుపు తీసేవాడు. ముందు సీట్లో ఉన్న అమ్మ దిగి వెనక్కి వచ్చి నా పక్కన కూర్చునేది. ఆయన కూర్చుని, సీటు వెనక్కి జరుపుకుని, ఏసీ గాలి రెండు వైపులదీ తనవైపు తిప్పుకునేవాడు. "చెల్లెమ్మా, వెనకాల బాగానే వస్తోందా గాలి?" అని అడిగేవాడు. అమ్మ వస్తోందనేది. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదని చెప్పలేదు.

చేతిలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ సంచి. అందులో శనివారం నుంచి గురువారం దాకా ఆరు రోజుల ఇంగ్లీషు పేపర్లు. కొన్నవి కావు. నజ్మాలో తాను టీ తాగే హోటల్లో జనం చదివి వదిలేసినవి పోగుచేసుకునేవాడు. వాటి మీద సాంబారు మరకలుండేవి. ఆయనకి కావలసింది ఒకటే పేజీ, ఉద్యోగ ప్రకటనల పేజీ. ఎర్ర బాల్‌పెన్నుతో ఒక్కొక్క ప్రకటన మీదా ఎన్ని ఉద్యోగాలుంటే అన్ని టిక్కులు పెట్టి, పేజీ అంచున మొత్తం వేసుకుని, భోజనాలయ్యాక తివాచీ మీద గోడకి ఆనుకుని కూర్చునేవాడు. వేలు నాలిక మీద అద్దుకుని పేజీ తిప్పేవాడు. అప్పుడు మొదలయ్యేది దర్బారు.

"ఈ వారం అకౌంటెంట్లు పన్నెండు. సెక్రటరీలు తొమ్మిది. నర్సులు పద్దెనిమిది. డ్రాఫ్ట్స్‌మన్ ఒకటి. డ్రాఫ్ట్స్‌మన్ అయిపోయింది, ఇంక ఎవరూ అటు చూడకండి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాకు దోహాలో పన్నెండో తరగతి దాకానే చదువు. ఆ పైన మాలాంటివాళ్ళకి కాలేజీ లేదు. ఇండియా పంపాలి. ఎక్కడికి పంపాలి, ఏం చదివించాలి అన్నది ప్రతి ఇంట్లోనూ రెండేళ్ళ ముందు నుంచే జ్వరంలాగా ఉండేది. మా తల్లిదండ్రులకి ఇండియా కాలేజీల గురించి తెలియదు, దోహా ఉద్యోగాల గురించి తమ కంపెనీ గేటు దాటి తెలియదు. తెలియదని ఒకరితో ఒకరు చెప్పుకోవడానికి సిగ్గు. ఆ సిగ్గు మీద ఆయన హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. "మ్యాథ్స్‌లో ఎంత?" అని అడిగి జవాబు వచ్చేలోపు పేపర్లోకి తల దించేవాడు. ఎవరైనా "నాకు ఫలానాది ఇష్టమంకుల్" అంటే నవ్వేవాడు. "ఇష్టం ఐస్‌క్రీముకి ఉండాలమ్మా. చదువుకి మార్కెట్ ఉండాలి." ఆ మాటకి పెద్దవాళ్ళందరూ తల ఊపేవారు. ఇంకెవరైనా కొంచెం గొణిగితే, "నేను చెప్పట్లేదు బాబూ, పేపరు చెబుతోంది" అనేవాడు. బొమ్మలు బాగా వేసే తణుకువాళ్ళబ్బాయిని రెండు నిమిషాల్లో తేల్చేశాడు. "బొమ్మలా? మాఫీ ఫాయిదా. అకౌంట్స్. యల్లా, నెక్స్ట్." ఎందుకూ పనికిరాదని చెప్పడానికి ఆయనకి తెలుగు చాలేది కాదు, అరబ్బీ కావాలి.

వచ్చే వారం లెక్క మారేది. లెక్క మారితే పిల్లవాడి భవిష్యత్తు కూడా మారేది. ఆ తణుకువాళ్ళింట్లో ఒక్క వేసవిలో అకౌంట్స్ పోయి హోటల్ మేనేజ్‌మెంట్ వచ్చింది, అదీ పోయి కంప్యూటర్ హార్డ్‌వేర్ వచ్చింది. వాళ్ళమ్మ ఊళ్ళో అన్నగారికి వారానికో ఉత్తరం రాసేది, కిందటి ఉత్తరం కొట్టిపారెయ్యమని. అయిదేళ్ళు చదవాల్సిన చదువుని ఒక్క వారం పేపరు చూసి ఎంచుకుంటున్నామే అని అంతమంది పెద్దవాళ్ళలో ఒక్కరికీ అనిపించలేదు. దానికి ఆయన్ని ఒక్కణ్ణే అనడం న్యాయం కాదని తెలుసు. అయినా ఆయన్నే అంటాను. న్యాయం చెయ్యడానికి నలభై ఆరు మంది ఉన్నారు.

మా నాన్నకి ఆయనంటే భయభక్తులు ఉండటానికి వేరే కారణం ఉంది. నాన్న వచ్చిన మొదటి కంపెనీ మహా దరిద్రం. మారుదామంటే వాళ్ళు రిలీజ్ కాగితం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇంటికి పోవడమే. ఆరు నెలలు తిరిగినా ఇవ్వలేదు. అప్పుడు ఆయన ఎవరితోనో అరబ్బీలో అర్జీ టైపు చేయించి, ఆ కంపెనీ కాగితాల పని చూసే అరబ్బు మనిషికి స్వయంగా ఇచ్చి వచ్చాడు. మూడు వారాల్లో కాగితం వచ్చింది. అర్జీ వల్ల వచ్చిందో, వాళ్ళకే విసుగొచ్చి ఇచ్చారో ఎవరికీ తెలియదు. నాన్న మాత్రం అమ్మనీ నన్నూ దోహా తెచ్చుకోగలిగింది ఆయన చలవేనని నమ్మాడు. చేసినమాట నిజం. దాన్ని ఆయన మర్చిపోనిచ్చాడా అంటే అదీ లేదు. మా ఇంట్లో టీ కప్పు పట్టుకున్నప్పుడల్లా "ఆ రోజు ఆ అర్జీ గనక లేకపోతే" అని మొదలుపెట్టేవాడు.

నాకు స్టాటిస్టిక్స్ చదవాలని ఉండేది. స్కూల్లో లెక్కల టీచరు ఒకావిడ ఉండేది. ఆవిడ పన్నెండో తరగతిలో ఒకరోజు మా క్లాసు వాళ్ళ ఎత్తులు కొలిపించి, గీత గీయించి, ఆ గీత చూసి రేపు కొత్తగా చేరే పిల్ల ఎత్తు ఎంతుండొచ్చో చెప్పమంది. నాకు ఆ రోజు నిద్రపట్టలేదు. ఆ చదువు విశాఖపట్నంలో ఉంటుందని ఆవిడే చెప్పింది. ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. నాన్న "అన్నయ్యగారిని అడుగుదాం" అన్నాడు. అదేం చదువని నన్ను అడగలేదు.

అన్నయ్యగారు విని, పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి, "స్టాటిస్టిక్స్... సున్నా" అన్నాడు. తర్వాత నా మొహంలోకి కాదు, నాన్న మొహంలోకి చూసి, "తమ్ముడూ, నర్సులు పద్దెనిమిది" అన్నాడు.

ఆ రోజుల్లోనే మల్లయ్య వచ్చాడు. జగిత్యాల వైపు మేస్త్రీ. ఆయన టిక్కులు పెట్టే సైటులోనే పని. మా ప్రార్థనతో అతనికి సంబంధం లేదు. సారు ఇక్కడ దొరుకుతాడని ఎవరో చెబితే క్యాంపు బస్సు పట్టుకుని వచ్చి, వాకిట్లో చెప్పుల గుట్ట పక్కన ఓపిగ్గా కూర్చున్నాడు. ప్రార్థనా భోజనాలూ అయ్యి ఆయన బయటికి రాగానే లేచి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు.

"సారూ, మా బిడ్డ పదోది పాసైంది. మార్కుల కాయిదం వచ్చింది. ఏం సదివియ్యాల్నో జెర జెప్పుండ్రి."

ఆయన ఆ కాగితం అందుకోలేదు. పళ్ళు కుట్టుకుంటూ, "ఆడపిల్లా? కుట్టుపని నేర్పించు. లేడీస్ టైలర్లు రెండున్నాయి ఈ వారం" అని లోపలికి వెళ్ళిపోయాడు. మడతైనా విప్పలేదు.

నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. మల్లయ్య నావైపు వచ్చి, "ఇంగిలీషుల ఉన్నది, నాకు సమజ్ గాదు, చూస్తవా బిడ్డా" అన్నాడు. చూశాను. లెక్కల్లో నూటికి తొంభై మూడు. చెప్తే అతనికి వెంటనే అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. నూరుకు ఏడే తక్కువన్నాను. కాగితం తీసుకుని తనే కాసేపు దాని వంక చూశాడు.

రెండు మూడు వారాల తర్వాత నజ్మాలో ఇంటికి డబ్బు పంపే ఒక ఎక్స్‌చేంజ్ ముందు నాన్న కోసం కార్లో కూర్చుని ఉంటే మల్లయ్య కనిపించి కిటికీ దగ్గరికొచ్చాడు. ఆ రోజుల్లో ఉత్తరాలు రాయలేనివాళ్ళు టేప్‌రికార్డర్‌లో మాట్లాడి, ఊరెళ్ళేవాళ్ళ చేతికి ఆ క్యాసెట్ ఇచ్చి పంపేవాళ్ళు. అటునుంచి జవాబూ అలాగే వచ్చేది.

"క్యాసెట్ పంపిన బిడ్డా. ఏం సదువుతవమ్మా అని అడిగిన. టీచరమ్మ అయితనన్నది, లెక్కలు జెప్తదట. ఎనుకకెల్లి వాళ్ళమ్మ ఏడుసుడు గుడ వినొస్తది." నవ్వాడు.

"మరి మా అంకుల్ కుట్టుపని అన్నారు కదా?" అన్నాను.

"సారు పేపర్ల ఉన్నది జెప్పిండు. తప్పేమున్నది. నా బిడ్డ పేపర్ల లేదు గద."

కుట్టుపని అన్నది సైటులో రోజూ తన హాజరు వేసే మనిషి. ఆ మాటని మల్లయ్య అంత తేలిగ్గా పక్కన పెట్టాడు. ఆ అమ్మాయి టీచరయిందో లేదో నాకు తెలియదు, మళ్ళీ మల్లయ్యని చూడలేదు. కానీ ఆ పూట కార్లో కూర్చుని నాకు ఏడుపొచ్చింది. కూతుర్ని అడగడానికి అతను ఓ సముద్రం అవతలికి క్యాసెట్ పంపాడు. మా నాన్నకి నేను పక్కగదిలోనే ఉండేదాన్ని.

ఆ తర్వాతి శుక్రవారం పేపరంకుల్ సంచి మా కార్లో మర్చిపోయాడు. నేను ఇంట్లోకి తెచ్చి విప్పాను. ఆరు పేపర్లూ నేల మీద పరిచి ఎర్ర టిక్కులున్న నర్సుల ప్రకటనలు వరసగా చూశాను. అప్పట్లో ప్రకటన కింద పోస్ట్ బాక్స్ నంబరు ఉండేది. ఆరింటి కిందా ఒకటే నంబరు. ఒక చిన్న క్లినిక్ వాళ్ళకి ముగ్గురు నర్సులు కావాలి. ఆ ప్రకటన రోజూ వేశారు. ఆయన రోజూ మూడు టిక్కులు పెట్టాడు. ఆరు మూళ్ళు పద్దెనిమిది. అరబ్బీ రావాలని, అయిదేళ్ళ అనుభవం ఉండాలని కూడా ఉంది అందులో. అంత వరకూ ఆయన చదివినట్టు లేదు. అకౌంటెంట్లు పన్నెండూ అదే బాపతు. డ్రాఫ్ట్స్‌మన్ ఒక్కడే ఎందుకున్నాడంటే ఆ కంపెనీకి మనిషి మొదటి రోజే దొరికి ఉంటాడు.

నాకు పదిహేడేళ్ళు. చేతిలో రుజువు ఉంటే చాలు, మనుషులు మారిపోతారనుకునే వయసు. సంచి దాచిపెట్టి, తర్వాతి శుక్రవారం తీసుకెళ్ళాను. ఆయన కొత్త సంచితో వచ్చాడు. భోజనాలయ్యాయి. ఆయన గోడకి ఆనుకున్నాడు.

"ఈ వారం కూడా నర్సులు పద్దెనిమిది. చూశావా తమ్ముడూ, తగ్గలేదు. మన అమ్మాయికి ఇంకేం కావాలి?"

"అవి మూడే అంకుల్" అన్నాను.

ఆయన వినిపించనట్టు పేజీ తిప్పాడు. నేను లేచి వెళ్ళి కిందటి వారం పేపర్లు ఆరూ తివాచీ మీద పక్కపక్కన పరిచి, పోస్ట్ బాక్స్ నంబర్ల మీద వేలు పెట్టి చూపించాను. "ఇదీ ఇదీ ఒకటే. ఇదీ అదే. ఒక్క ఉద్యోగాన్ని ఆరుసార్లు లెక్కపెట్టారు."

తణుకువాళ్ళబ్బాయి ఒక్కడే కిసుక్కున నవ్వాడు. మూడు కోర్సులు మారినవాడు, నవ్వే హక్కు వాడికుంది. ఆయన కళ్ళద్దాలు తీసి, టై చివరతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆ పేపర్లు చూశాడు. తప్పయిందమ్మా అంటాడని నిజంగా అనుకున్నాను. ఆయన పేపర్లు జాగ్రత్తగా మడిచి, నాతో కాదు, నాన్నతో అన్నాడు.

"పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు తమ్ముడూ. ఇంక మీ ఇంటి సంగతుల్లో నేను కలగజేసుకోను. ఆ రోజు అర్జీ పట్టుకుని తిరిగినప్పుడు నన్నెవరూ లెక్కలు అడగలేదు."

నాన్న లేచి నిలబడ్డాడు. అందరి ముందూ ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. "చిన్నపిల్ల అన్నయ్యగారూ, తెలియక అంది."

"తెలియక కాదులే. బాగా తెలిసే అంది."

"మీరు మనసులో పెట్టుకోకండి. మీరు చెప్పినట్టే చేస్తాం. నర్సింగ్‌కే పంపిస్తాం."

అలా అయిపోయింది. అప్పటిదాకా నాన్న ఊగిసలాడుతూనే ఉన్నాడని అమ్మ తర్వాత చెప్పింది. ఆ లెక్క తప్పని నేను నిరూపించకపోయి ఉంటే నాకు విశాఖపట్నం దక్కేదేమో. ఆయన పరువు నిలబెట్టడానికి నాన్న దగ్గర ఆ పూట ఇవ్వడానికి ఉన్నది నేనొక్కదాన్నే. ఆయన దాన్ని మర్యాదగా పుచ్చుకున్నాడు. "దేవుని చిత్తం" అన్నాడు. మూడుని పద్దెనిమిది చేసిందేమో ఈయన, మధ్యలో దేవుడి పేరు. తర్వాత అమ్మ నా చేత ఆయనకి ఇంకో ప్లేటు బిర్యానీ ఇప్పించింది, క్షమాపణ కింద. ప్లేటు అందుకుని, "పెరుగు లేదా అమ్మా?" అని అడిగాడు.

గుంటూరులో సీటు దొరికింది. నర్సింగ్ మీద నాకు కోపం లేదు. ఇరవై ఏడేళ్ళుగా ఆ పని చేస్తున్నాను, బాగానే చేస్తున్నాను. గ్రూపులో ఎవరో నా ఉద్యోగం గుర్తుచేసి, ఆయన చెప్పింది నిజమే అయింది కదా అని కూడా రాశారు. ఇరవై ఏడేళ్ళ నా నిలువుకాళ్ళ ఉద్యోగాన్ని కూడా ఆయన టిక్కుల్లో కలిపేశారు. ఇది ఏడోసారి లెక్కపెట్టడం.

నేను ఇండియా వెళ్ళే ముందరి శుక్రవారం ఎప్పట్లాగే ఆయన మా కారెక్కాడు. అమ్మ దిగి వెనక్కి వచ్చింది. ఆయన గాలి తనవైపు తిప్పుకుని, గుంటూరు ఎండల గురించీ హాస్టల్ భోజనం గురించీ, తాను ఎన్నడూ చూడని సంగతులన్నీ చెబుతున్నాడు. నాకు అప్పటికి ఏడుపు కూడా అయిపోయింది. ఆయనకి విజయవాడలో ఒక కొడుకున్నాడని, నా ఈడేనని, ఆ సంవత్సరమే ఇంటర్ అయిందని ఎవరో అనగా విన్నాను. అన్ని శుక్రవారాల్లోనూ ఆ అబ్బాయి ప్రస్తావన ఒక్కసారి రాలేదు. ఉక్రోషం కొద్దీ అడిగాను.

"అంకుల్, మీ అబ్బాయిని దేన్లో చేర్పిస్తున్నారు?"

"మావాడా?" ఆయన మొహం విప్పారింది. ఆ మొహం నేను అంతకుముందు చూడలేదు. నిజంగా సంతోషంగా ఉన్నాడు. "వాడు హిస్టరీ అంటున్నాడమ్మా. బి.ఏ. చిన్నప్పట్నుంచీ కోటలూ, రాజులూ, అదే పిచ్చి. సరే నాన్నా, నీకేది ఇష్టమైతే అదే చదువుకోమన్నాను."

"పేపర్లో హిస్టరీవి ఎన్నున్నాయి అంకుల్?"

ఆయన పకపకా నవ్వాడు. ఎత్తిపొడిచానని కూడా తెలుసుకోలేదు. "భలేదానివే. పేపరు చూసి సొంత పిల్లాణ్ణి ఎక్కడైనా చేరుస్తారటమ్మా? ఆపు తమ్ముడూ, ఇక్కడే దిగిపోతాను."

నజ్మాలో ఆయన గది సందు మొదట్లో దిగి, సంచి తీసుకుని, తలుపు గట్టిగా వేసి, ఎదుటి హోటల్లోకి పోయాడు. వచ్చే వారానికి పేపర్లు పోగుచెయ్యాలి మరి.

ముందు సీటు ఖాళీగా ఉంది. అమ్మ ముందుకి వెళ్ళలేదు. నాన్న కారు పోనిచ్చాడు. దోహాలో నాన్నకి తెలియని రోడ్డు లేదు. ఇంటికి వెళ్ళాలంటే రౌండెబౌట్‌లో రెండో మలుపు. అది దాటిపోయాడు.

"ఏవండీ, మన రోడ్డు దాటిపోయింది" అంది అమ్మ.

నాన్న చుట్టూ తిరిగి వచ్చాడు. మళ్ళీ రెండో మలుపు వచ్చింది. అద్దంలో నన్ను చూస్తున్నాడు. నా టికెట్టు సోమవారానికి. హాస్టల్‌కి ట్రంకు పెట్టె కూడా సర్దేశాం, పైన నా పేరూ, నర్సింగ్ స్కూలు పేరూ తెల్లరంగుతో నాన్నే రాశాడు.

"అమ్మాయ్," అన్నాడు, "ఆ స్టాటిస్టిక్స్ అంటే... ఏం నేర్పుతారే అందులో?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. క్లాసులో ఎత్తులు కొలిచిన సంగతి దగ్గర్నుంచి వివరంగా చెప్పాను. నాన్న వింటూ నెమ్మదిగా నడుపుతున్నాడు. రెండో మలుపు మళ్ళీ దాటిపోయింది. ఈసారి అమ్మ ఏమీ అనలేదు.